ప్రజల బెంచీ: ఒకరు

నా పని రాయడం.
ఎవరేమన్నారు, ఎవరు బలపరిచారు,
ఎన్నింటికి లేచి వెళ్లిపోయారు.
కిల్‌బ్రాక్ కౌన్సిల్లో ముప్పై ఒక్క ఏళ్లు
మనుషుల్ని క్రియాపదాలు చేశాను:
కోరారు. అభ్యంతరపెట్టారు. నిష్క్రమించారు.

ఊనా గిల్‌రేన్ పేరు మొదటిసారి రాసిన రాత్రి
ఒక అక్షరం తప్పు పోయింది.
తను వచ్చి వేలితో చూపించింది.
ఆ వేలికి తారు అంటుకుని ఉంది.

మలుపు దగ్గర గుంతని కొలిచి వచ్చిందట,
టేపు లేక, తన రబ్బరు బూటుతో.
"నిలువు మూడు బూట్లు, లోతు మడమ దాకా."
ఇంజనీరు నవ్వాడు.
నేను ఉన్నదున్నట్టు రాశాను.

ఆ మలుపులోనే ఒక నవంబరు పొద్దున
పోస్టుమాన్ కోన్లా సైకిలు దొరికింది.
ముందు చక్రం బురదలో,
ఉత్తరాలు ముళ్లపొద మీద ఆరేసినట్టు.
కోన్లా ఇంకాస్త దిగువన దొరికాడు.
అక్కడొక దీపం కావాలంది ఊనా.
ఒక్క దీపం.
ఏడేళ్లు. పద్దెనిమిది తీర్మానాలు.
"నిధుల లభ్యతను బట్టి" అన్న మాట
నిద్రలో లేపినా తప్పులేకుండా రాయగలను.

ఈలోగా తను చావులకి వెళ్లేది.
మా వైపు ఓటు
శవపేటిక పక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది.
తడి కోటు విప్పకుండా, టీ కప్పు చల్లారబెట్టుకుంటూ,
పోయినవాడి ఆవు పేరు పెట్టి మరీ అడిగేది.
నటన అన్నారు కొందరు.
మా అమ్మ పోయిన రాత్రి
వంటింట్లో గిన్నెలన్నీ కడిగింది తనే.
నటనకి అన్ని గిన్నెలు అక్కర్లేదు.

దీపం వెలిగిన ఏడే తనని డబ్లిన్ పంపారు జనం.
బడి ఆటల హాల్లో, బాస్కెట్‌బాల్ గీతల మీద బల్లలేసి
పదకొండో లెక్కింపు పూర్తయ్యేసరికి తెల్లవారుజాము నాలుగు.
అరవై రెండు ఓట్ల తేడా.
భుజాల మీదికి ఎత్తుతుంటే ఒక బూటు జారిపడింది.
నేనే తీసిచ్చాను.

తర్వాత అందరిలాగే టీవీలో చూశాను.
మొదట యాస అలాగే ఉంది.
పోను పోను వాక్యాలు పొడుగయ్యాయి.
మంత్రి అయ్యాక "నేను" వెళ్లిపోయి "ప్రభుత్వం" వచ్చింది.
అయినా, ఎప్పుడో ఒక రాత్రి పదకొండింటికి ఫోను:
"దీపం వెలుగుతోందా?"
"వెలుగుతోంది."
అంతే. పెట్టేసేది.

ఆరో ఏట ఒక సర్క్యులర్ వచ్చింది.
పొదుపు కోసం, రాకపోకలు తక్కువున్న చోట్ల
దీపాలు ఆర్పేయాలని.
కింద సంతకం తనదే. అక్షరం తప్పు లేదు.
చదివి పెట్టిందో, పెట్టాక చదువుదామనుకుందో.

ఆ వారంలోనే ఫోను మోగింది.
"వెలుగుతోందా?"
కిటికీలోంచి చూశాను.
కొండేదో ఆకాశమేదో తెలియలేదు.
"వెలుగుతోంది" అన్నాను.
జాలితో అన్నానో, కసితో అన్నానో
ఇప్పటికీ తేలలేదు.
మినిట్స్‌లోకి ఎక్కని అబద్ధం అదొక్కటే.

మరుసటి ఎన్నికల్లో మూడో లెక్కింపుకే ఓడిపోయింది.
దీపం వల్ల కాదు.
ఆసుపత్రి వల్ల అన్నారు, పార్టీ వల్ల అన్నారు.
ఓటరు ఎందుకో రాసి పెట్టెలో వేయడు.

నిన్న ఫిబ్రవరి సమావేశం.
కొత్త కుర్రాడు టైగ్ ఫీలీ లేచి
మలుపు దగ్గర దీపం కావాలన్నాడు.
పాత తీర్మానమే తీసి తేదీ మార్చాను.
"నిధుల లభ్యతను బట్టి" అన్నాడు ఇప్పటి ఇంజనీరు.
వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది.
అధ్యక్షుడు నియమాల పుస్తకం తిరగేశాడు:
అక్కడ కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదు.
ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి
జుట్టు సర్దుకుంటున్నట్టు కిందికి దిగింది.

నా పని రాయడం.
ప్రజల బెంచీ: ఒకరు, అని రాశాను.
పేరు రాయకూడదు.
బూట్లు కూడా రాయకూడదు,
రబ్బరువి,
మడమ దాకా బురద.